అధ్యాపకుడు లేని పాలకమండలి

కంకిపాడు నుంచి విజయవాడకో, ఉయ్యూరుకో బస్సెక్కి కళాశాలకు వెళ్లే మన పిల్లల చదువు నిలబడేది అధ్యాపకుని మీద. మరి మైనారిటీ కళాశాలల పాలకమండలిలో ఆ అధ్యాపకునికి చోటుండవద్దా?

చట్టం అందుకు బలవంతపెట్టదు. పాలకమండలిలో అధ్యాపక ప్రతినిధులు ఉండాలన్న గుజరాత్ నిబంధన మైనారిటీ కళాశాలలకు వర్తించదని 1974లో అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చిన నిర్వహణ హక్కుకు అది కంచె. దానిని మనం వదులుకోరాదు.

అయితే ఆ హక్కు సమాజానిది. కొద్దిమంది యాజమాన్య సభ్యుల సొత్తు కాదు. నిర్వహణ హక్కులో దుర్నిర్వహణ హక్కు ఇమిడి లేదని కేరళ విద్యా బిల్లుపై 1958లోనే అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. ఉపాధ్యాయుల వేతనాలకు రక్షణ కల్పించడం మైనారిటీ హక్కుకు భంగం కాదని 1986లో ఫ్రాంక్ ఆంథోనీ పాఠశాల ఉద్యోగుల కేసులో తేల్చింది.

చట్టం అడగనిదాన్ని ధర్మం అడుగుతుంది. పవిత్ర ఖుర్ఆన్ 42వ సూరా పేరే షూరా. పరస్పర సంప్రదింపును అది విశ్వాసుల లక్షణాలలో ఒకటిగా పేర్కొంటుంది.

కనుక మన కళాశాలలు తమంతట తామే ముందుకు రావాలి. అధ్యాపకులు ఎన్నుకున్న ఇద్దరిని పాలకమండలిలో కూర్చోబెట్టాలి. నియామకాలు, కోర్సుల మార్పుల విషయంలో వారి అభిప్రాయాన్ని మినిట్సు పుస్తకంలో నమోదు చేయాలి. తిరస్కరిస్తే కారణం రాయాలి. ప్రశ్నించినవారి ఉద్యోగానికి భద్రత ఉండాలి.

దీనివల్ల బయటి పెత్తనానికి తలుపు తెరుచుకుంటుందని కొందరి భయం. నిజానికి లోపలివారి నోరు నొక్కినచోటే బయటివారి జోక్యానికి సాకు దొరుకుతుంది.