గాజు తలుపు దాకా వచ్చి వెనక్కెళ్ళిపోతే?

గన్నవరంలో నాకు అన్నయ్య వరసాయన ఒకాయనకి బట్టల కొట్టుంది. జీన్సులు, టీషర్టులు, బూట్లు. పదిహేనేళ్ళ కొట్టు. ఇప్పుడు లోపలంతా మార్చేస్తున్నాడు. "సాఫ్టువేరోడివి కదా, చూసి చెప్పరా" అని కంప్యూటర్లో గీయించిన బొమ్మలు పంపాడు. నల్ల గోడలు, పసుపు లైట్లు, గోడకి నాలుగే నాలుగు టీషర్టులు, ముందు నిలువెత్తు గాజు తలుపు. నిజంగా బావుంది. అందుకే భయమేసింది.

ఆ కొట్టుకొచ్చేదెవరు? పశువైద్య కళాశాల కుర్రాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండేసుకొచ్చేవాళ్ళు. గుట్టలోంచి ఒకటి లాగి, రేటడిగి, "ఇంకోటి చూపించన్నా" అనే బాపతు. ఆ గాజు తలుపు చూస్తే వాళ్ళకి తోచేది ఒకటే... "ఇక్కడ మనకందదు". బిగ్ బజార్ కిశోర్ బియానీ ఈ సంగతి ఎప్పుడో పట్టాడు. విశాలంగా సర్దితే జనం ఆగకుండా నడిచిపోతున్నారని, కావాలనే ఇరుగ్గా, గుట్టలుగా పెట్టించాడు. (ఆ కొట్లు 2022లో పోయాయి. అది అప్పుల గొడవ లెండి, గుట్టల తప్పు కాదు.)

ఇంకోటి, పసుపు లైటు కింద నేవీ బ్లూ నల్లగా కనపడుతుంది. ఇప్పుడైతే గుమ్మం దాకా తెచ్చుకుని పగటి వెలుతురులో చూసుకుంటారు. రేపు?

మార్చాల్సింది ట్రయల్ రూము. గడియ సరిగ్గా పడదు, నడినెత్తిన ఒక్క లైటు. అద్దానికి రెండు పక్కలా లైట్లు పెట్టించమన్నాను.

"నీకు టేస్టు లేదురా" అన్నాడు. అడ్వాన్సు అప్పటికే ఇచ్చేశాట్ట.