నఫ్సియాత్ అంటే నవ్వెందుకు?

పదో తరగతి రిజల్ట్ వచ్చిందంటే రాజమండ్రిలో ఏ మలుపు చూసినా అవే బోర్డులు: ఎంపీసీ, బైపీసీ. మన ఇళ్లల్లో ఫైసలా కూడా అంతే. ఏ పిల్లయినా "సైకాలజీ చదువుతా అబ్బా" అందంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. "పాగల్ వాళ్లతో నీకేం పనమ్మా? రేపు రిష్తా ఎవరు తెస్తారు?" నా షికాయత్ ఈ నవ్వు మీదే.

మొదట దీన్ పేరు చెప్పేవాళ్ల సంగతి. ఈమాన్ గట్టిగా ఉంటే డిప్రెషన్ రాదట, ఇవన్నీ అంగ్రేజుల చదువులట. జనాబ్, 934లో వఫాత్ అయిన అబూ జైద్ అల్ బల్ఖీ ఒంటి సెహత్, నఫ్స్ సెహత్ రెండింటినీ కలిపి ఒక కితాబ్ రాశారు. పేరు మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్. కోపం, ఖౌఫ్, గమ్, వస్వాస్, ఒక్కోదాని ఇలాజ్ గురించి విడివిడిగా చెప్పారు. షుగర్ వచ్చినవాణ్ణి ఈమాన్ కమ్జోర్ అని ఎవరూ అనరే! మనసుకు మర్జ్ వస్తే మాత్రం ఎందుకంటాం?

అనడంతో ఆగితే సరే. సాయా అంటాం, జిన్ అంటాం, ఆమిల్ దగ్గరికి లాక్కెళతాం. దువా చేయించండి, ఎవరు వద్దన్నారు? కానీ దవా మాన్పించి తావీజ్ కట్టడం తవక్కుల్ కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాలో షిఫా దొరుకుతుందని తెచ్చి వదిలిన మరీజ్‌లు 28 మంది గొలుసులతో కట్టేసి ఉండగానే మంటల్లో కాలిపోయారు. జహాలత్ ఖరీదు అది.

ఇక రోజీ మాట. "నౌకరీ ఏదీ?" అంటారు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి 2023లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిచ్చింది. వందమంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో ఎన్ని కాలేజీలున్నాయో లెక్కేసుకోండి. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోవాలి? ఇంటర్‌తోనే ఎవరూ సైకాలజిస్ట్ అయిపోరు, డిగ్రీ, పీజీ, ట్రైనింగ్ అన్నీ కావాలి. కానీ షౌక్ పుట్టే వయసు ఇదే. అప్పుడే నవ్వి చంపేస్తే పీజీ దాకా వచ్చేదెవరు?

మన ఖౌమ్‌కు ఇంకో జరూరత్ ఉంది. నరసాపురం, రాజోలు వైపు అమ్మీ కువైట్‌లో ఉంటే పిల్లలు దాదీ దగ్గర పెరుగుతున్న ఇళ్లు మీకు తెలియనివి కావు. ఆ పిల్లల బెంగ ఎవరు వింటారు? తిరిగొచ్చిన ఆ తల్లికి రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే ఎవరితో చెప్పుకుంటుంది? సర్కారు మానసిక వైద్యశాల కావాలంటే విశాఖ దాకా పోవాలి. పరదాలో ఉండే ఖాలా అక్కడ తెలియని మగ డాక్టర్ ముందు దిల్ విప్పుతుందా? మన బోలీ తెలిసిన మన బేటీ ఎదురుగా కూర్చుంటే విప్పుతుంది.

రాస్తా లేక కాదు. సీబీఎస్ఈలో 11, 12 తరగతులకు సైకాలజీ ఉంది, కోడ్ 037. థియరీకి 70 మార్కులు, ప్రాక్టికల్‌కి 30. పన్నెండులో మానసిక రుగ్మతలు, వాటి చికిత్సలు, కష్టాలను తట్టుకునే తీరు అన్నీ పాఠాలే. ఎన్‌సీఈఆర్‌టీ కితాబ్ ఉర్దూలో కూడా ఉంది, నఫ్సియాత్ పేరుతో. రోజూ కాలేజీకి పోలేని బచ్చీలకు ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్ ఉంది.

లేనిదల్లా మన నియ్యత్. జల్సాలకు, షాదీఖానా రంగులకు చందాలు పోగుచేసే కమిటీ సాహెబులు ఒక్క లెక్చరర్ తన్‌ఖా గురించి ఆలోచించలేరా? మన స్కూళ్లు నడిపేవాళ్లను వచ్చే అడ్మిషన్లకు ముందే నిలదీసి అడగండి. మీ బేటీ అడిగితే మాత్రం నవ్వకండి. ఆ ఇల్మ్ రేపు మీ ఇంటికే అక్కర పడొచ్చు.