గుడ్‌విల్‌కూ తరుగుదల ఉండాలి

ఒక రిటైల్ సంస్థను మరో కంపెనీ కొన్నప్పుడు, చెల్లించిన ధర సాధారణంగా అక్కడున్న సరుకు, భవనాలు, బ్రాండ్ల నికర విలువను మించిపోతుంది. ఆ మించిన సొమ్మునే గుడ్‌విల్ పేరుతో ఆస్తుల్లో చూపుతారు. 2018లో ఫ్లిప్‌కార్ట్‌లో సుమారు 77 శాతం వాటాకు వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టింది. ఆ కొనుగోలుతో దాని పద్దుల్లో చేరిన గుడ్‌విల్లే దాదాపు 1,350 కోట్ల డాలర్లు. షాపులోని ఏసీకి ఏటా తరుగుదల రాస్తారు. ఇంత పెద్ద ఆస్తికి మాత్రం అక్కర్లేదని అమెరికాలో 2001లో వచ్చిన అకౌంటింగ్ ప్రమాణం తేల్చింది. మన పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ ప్రమాణాలదీ అదే దారి. ఏటా విలువ పరీక్షించి, తగ్గిందని తేలితేనే నష్టం చూపాలి. ఈ పద్ధతి మారాలి: గుడ్‌విల్‌కు గరిష్ఠంగా పదేళ్లలో తరుగుదల రాసేయాలి.

ఎందుకో అమెరికా డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ మేసీస్ లెక్కలు చెబుతాయి. అప్పట్లో ఫెడరేటెడ్ అనే పేరున్న ఆ సంస్థ 2005లో మే డిపార్ట్‌మెంట్ స్టోర్స్‌ను సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొంది. మరుసటి ఏడాదే షికాగో జనం అభిమానించే మార్షల్ ఫీల్డ్స్ సహా మే దుకాణాల పేర్లు తీసేసి మేసీస్ బోర్డులు పెట్టింది. పాత కస్టమర్లు నిరసనకు దిగారు. గుడ్‌విల్‌లో పెద్ద కోత పడింది మాత్రం 2008లో, మార్కెట్లు కూలాక: 540 కోట్ల డాలర్లు. మరో 310 కోట్లు 2020లో, కోవిడ్‌తో షాపులు మూతపడ్డాక. రెండుసార్లూ షేరు ధర ముందే పడిపోయింది. ఇన్వెస్టరుకు తెలిసిన సంగతే పద్దు ఆలస్యంగా ఒప్పుకుంది. పరీక్షకు ఆధారం యాజమాన్యం వేసుకున్న భవిష్యత్ అంచనాలే. పైగా కొన్న వ్యాపారాన్ని పాతదానితో కలిపేస్తే, పాతదాని బలం కొత్తదాని బలహీనతను కప్పేస్తుంది.

కస్టమర్ల నమ్మకం ఏటా సమానంగా తరగదు కదా, పదేళ్లన్న లెక్క ఎక్కడిదని కొందరు అడుగుతారు. యంత్రం ఆయుష్షూ అంచనాయే. అసలు పదో ఏట మిగిలిన నమ్మకం కొన్నది కాదు. ఆ పదేళ్ల ప్రకటనలు, సేవలతో కంపెనీ సంపాదించుకున్నది. సొంతంగా పెంచుకున్న గుడ్‌విల్‌ను ఆస్తిగా చూపడానికి ప్రమాణాలు ఒప్పుకోవు. తరుగుదల లేకపోతే అదే దొడ్డిదారిన పద్దుల్లోకి వస్తుంది. లాభాలు తగ్గి కనిపిస్తాయన్న భయం కూడా నిలవదు: నగదు ఒక్క రూపాయీ బయటికి పోదు, కావాలనుకున్న విశ్లేషకుడు ఆ మొత్తాన్ని తిరిగి కలుపుకోవచ్చు.

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల మండలి 2022లో ప్రస్తుత పద్ధతికే మొగ్గింది, నిజమే. కానీ జపాన్ 20 ఏళ్లలోపు తరుగుదల రాయిస్తోంది. అమెరికాయే 2014 నుంచి ప్రైవేటు కంపెనీలకు పదేళ్ల వెసులుబాటు ఇచ్చింది. మన పాత ప్రమాణం ఏఎస్ 14 విలీనాల గుడ్‌విల్‌కు సాధారణంగా ఐదేళ్ల గడువే పెట్టింది. కాబట్టి గరిష్ఠంగా పదేళ్ల తరుగుదల పెట్టి, హఠాత్తు నష్టాల కోసం పరీక్షనూ ఉంచాలి. ఎక్కువ ధర పెట్టినవారు ఆ భారాన్ని తమ హయాంలో, తమ లాభాల్లోంచే మోయాలి. ఏదో సంక్షోభం వచ్చేదాకా ఆగి తర్వాతివారి నెత్తిన పెట్టకూడదు.