నవ్వకండి... వాడి ఓటు కుమారవర్మకే!

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పితే పైనే ఒక కార్డు. విషయం చదవకముందే నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. కారణం కార్డు మీద ఉన్న ఊరి పేరు. కలిగిరి! నెల్లూరు జిల్లా పడమటి దిక్కున, కావలి నుంచి ఉదయగిరి పోయే బస్సు ఎక్కితే దారిలో తగిలే ఊరు. మా ఊరండీ బాబూ, నేను పుట్టి పెరిగిన ఊరు!

కార్డులో సంగతి ఇది:

"సార్! సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూచుని రెండు బాహుబలి సినిమాలూ ఒకే రోజు చూశాం. ఎవరికి ఏ పాత్ర ఇష్టం అని మొదలై పెద్ద గొడవైంది. అన్నయ్య అమరేంద్ర బాహుబలి అన్నాడు. అక్క దేవసేన అంది. నేను కట్టప్ప అన్నాను. ఏడో క్లాసు చదివే మా తమ్ముడు మాత్రం కుమారవర్మ అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం. వాడు అలిగి అన్నం తినకుండా పడుకున్నాడు. ఎవరు రైటో మీరే తీర్పు చెప్పండి."

తీర్పు! చందమామలో బేతాళుడు విక్రమార్కుణ్ణి అడిగినట్టు అడిగారు. తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందాయె. కానీ పాఠక మిత్రులారా, నాకు న్యాయమూర్తి కుర్చీలో కూచునే అర్హత లేదు. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి కేసులోనే నేనొకప్పుడు ముద్దాయిని. ఆ సంగతి చెప్తాను, ముందు ఈ ముగ్గురి పెద్దల వాదనా చూద్దాం.

అన్నయ్య ఓటుకి వంక పెట్టేదేముంది? ఇచ్చిన మాట కోసం సింహాసనాన్ని వదులుకున్నవాడు అమరేంద్రుడు. కోటలో ఉన్నా, కోట విడిచి జనంలోకి వచ్చినా ఆ తల వంగలేదు. అలాంటివాడు నచ్చకపోతేనే ఆశ్చర్యం.

అక్క ఓటూ గట్టిదే. ఇరవై అయిదేళ్ళు సంకెళ్ళలో ఉండి, భల్లాలదేవుడి చితి కోసం పుల్లా పుల్లా ఏరుకున్న ఇల్లాలు దేవసేన. ఏడుస్తూ కూచునే తల్లి పాత్రలు వందల కొద్దీ చూసిన మనకి, పగని పుల్లల్లా పోగేసుకునే తల్లిని చూపించారు. ఆఖరికి భల్లాలుడు కాలింది ఆ చితి మీదే!

ఇక కార్డు రాసిన అబ్బాయి కట్టప్ప. 2015 జూలై 10న మొదటి భాగం వచ్చింది. 2017 ఏప్రిల్ 28న రెండోది వచ్చింది. మధ్యలో 21 నెలలకు పైగా దేశమంతా ఒకే ప్రశ్న వేసుకుంది, కట్టప్ప ఎందుకు చంపాడని. టీకొట్టు దగ్గర అదే మాట, పెళ్ళిపందిట్లో అదే మాట. హీరోని వెన్నుపోటు పొడిచినవాణ్ణి జనం ఇంతగా ప్రేమించడం మన సినిమాల్లో ఎప్పుడైనా జరిగిందా? ఎత్తి పెంచిన చేత్తోనే చంపాల్సి వచ్చినవాడి బాధ సత్యరాజ్ మొహంలో కనిపించబట్టే అది జరిగింది.

మూడు ఓట్లూ సబబే. మరి నాలుగోది?

అక్కడికే వస్తున్నా. దానికి మిమ్మల్ని 1978 వేసవికి, మా ఊరి టూరింగ్ టాకీస్‌కి తీసుకుపోవాలి.

ఊరి బయట డేరా. నేల మీద ఇసుక. సాయంత్రం మైకులో ఘంటసాల భక్తిపాట వినపడిందంటే ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఒక్కటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఇంటర్వెల్లే. మూడేసి నాలుగేసి ఇంటర్వెళ్ళు, ప్రతిసారీ శనక్కాయలూ, గోలీ సోడాలూ! ఆ డేరాలోకి వచ్చింది 'పాతాళ భైరవి'. మేం పుట్టకముందు, 1951 మార్చి 15న విడుదలైన సినిమా. ప్రింటు మీద వాన కురుస్తూనే ఉంది. అయితేనేం? తోటరాముడిగా రామారావు, నేపాళ మాంత్రికుడిగా రంగారావు! కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, పింగళి వారి మాటలు. చందమామ నడిపిన నాగిరెడ్డి-చక్రపాణి గార్లే నిర్మాతలు. నెలనెలా పుస్తకంలో చదివే మాయలన్నీ తెర మీదికి నడిచి వచ్చినట్టుండేది మాకు.

మర్నాడు పొద్దున్నే చెరువు కట్ట మీద మా నాటకం. మా నాయన బళ్ళో అయ్యవారు కాబట్టి రాముడి వేషం నాదే, అందులో రెండో మాట లేదు. జొన్న దంటు కత్తి. మాలో లావుపాటి వాడికి గోగునార గడ్డం కట్టి మాంత్రికుణ్ణి చేశాం. మిగిలినవాళ్ళలో నా పక్క బెంచీ స్నేహితుడొకడు, నేను చెప్పకముందే ముందుకొచ్చి, "నేను అంజి" అన్నాడు.

అంజి ఎవరో ఈ తరం వాళ్ళకి చెప్పాలి. రాముడి వెంట నీడలా తిరిగే హాస్యగాడు. ఆ వేషం వేసిన నటుడు బాలకృష్ణ. మన నందమూరి వారి అబ్బాయి కాదండోయ్, అంతకు ముందు తరం ఆయన! ఆ సినిమా తర్వాత జనం ఆయన్ని అంజిగాడనే పిలిచారు.

మా వాడి నాయన పొది చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి క్షవరాలు చేసేవాడు. కథలో అంజి, మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి వేషంలో వెళ్ళి, ఇందుమతి మెచ్చాలంటే గడ్డం తీసెయ్యాలని మాంత్రికుణ్ణి నమ్మిస్తాడు. గడ్డంతో పాటే వాడి మంత్రశక్తీ ఊడిపోతుంది. అది గుర్తొచ్చి నేను, అయ్యవారి కొడుకుని, పదిమందిలో అన్నాను కదా:

"అంతేలేరా, గడ్డాలు గీకే కథ కదా. నీకు తగిన వేషమే!"

కట్టంతా నవ్వు. వాడు నవ్వలేదు. నా వంకే చూసి నెమ్మదిగా అడిగాడు:

"గడ్డం పోకపోతే నీ రాముడు ఎట్టా గెలిచేవాడురా?"

నాకు జవాబు తోచలేదు. జవాబు లేనివాడు ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా నవ్వాడు! ఆ పూట నుంచి ఊళ్ళో పిల్లలందరికీ వాడు అంజిగాడైపోయాడు. వాడు మళ్ళీ మాతో డేరాకి రాలేదు. వాడి ప్రశ్నకి మాత్రం జవాబు నాకు చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. గెలిచేవాడు కాదు! మంత్రం ముందు రాముడి కత్తి ఏం చేస్తుంది? మాంత్రికుడి శక్తి పోగొట్టింది అంజి. భైరవి ప్రతిమ కాజేసి రాముడి చేతిలో పెట్టింది అంజి. ఇందుమతి రాముడికి దక్కింది, మేడ ఉజ్జయినికి తిరిగొచ్చింది. అంజికి దక్కింది మన నవ్వు. వాడు లేకపోతే కథ ఇల్లు చేరదు!

ఇప్పుడు కుమారవర్మ దగ్గరికి రండి.

సుబ్బరాజు వేసిన ఆ పాత్ర ఎవరు? కుంతల రాజ్యంలో గొప్పలు కొట్టుకునే పిరికివాడు. ఎవడో వేటాడిన దాన్ని తన ఖాతాలో వేసుకునే రకం. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ పిండారీలు కోట మీద పడ్డ రాత్రి గుర్తు తెచ్చుకోండి. వణికిపోతున్న ఆ మనిషికి అమరేంద్రుడు నాలుగు మాటలు చెప్తాడు. అంతే, చేతిలోకి కత్తి వస్తుంది. పుట్టుకతో ధైర్యం ఉన్నవాడు కత్తి దూస్తే అది అలవాటు. భయంతో చేతులు వణుకుతున్నవాడు దూస్తే? నా లెక్కలో రెండోదే పెద్ద సాహసం.

అక్కడితో అయిపోలేదు. బిజ్జలదేవుడు వల పన్నుతాడు. నీ బాహుబలిని చంపబోతున్నారు, ఆ ముప్పు తప్పించమని ఎగదోస్తాడు. తనకి ధైర్యం పోసినవాడి ప్రాణం కోసం, కొత్తగా వచ్చిన ఆ ధైర్యాన్నే పట్టుకుని కుమారవర్మ ఒంటరిగా భల్లాలుడి గదిలోకి పోతాడు. చస్తాడు. ఆ చావుని చూపించే శివగామి మనసు విరిచేస్తారు. అక్కణ్ణుంచే కట్టప్పకి ఆజ్ఞ! దేశమంతా 21 నెలలు వేసుకున్న ప్రశ్నకి జవాబులో సగం, మనం నవ్విన ఆ మనిషి శవం దగ్గరే ఉంది. తెలివితక్కువగా మోసపోయాడంటారా? మోసపోయాడు, నిజమే. కానీ మోసం చెయ్యడానికి వాళ్ళు వాడుకున్నది అతని దురాశని కాదు, కృతజ్ఞతని.

ఏడో క్లాసు పిల్లవాడు ఇదంతా ఆలోచించే కుమారవర్మ అన్నాడా? నాకు తెలీదు. బహుశా క్లాసులో లేచి నిలబడి పాఠం చదవాలంటే వాడికీ కాళ్ళు వణుకుతాయేమో. ఒకరోజు ఎవరైనా భుజం మీద చెయ్యి వేసి నాలుగు మాటలు చెప్తే బాగుండునని ఉందేమో. అభిమాన పాత్ర అంటే మనకి లేనిదాన్ని మెచ్చుకోవడం ఒకటి. మనల్ని మనం గుర్తుపట్టడం ఇంకొకటి. బాహుబలిని ఎంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నవ్వుతారని తెలిసీ నలుగురి మధ్య కుమారవర్మ పేరు చెప్పడానికి గుండె కావాలి.

అన్నట్టు, ఆ అంజి ఏమయ్యాడని అడుగుతారు కదూ! ఆ మధ్య ఊరికి పోయినప్పుడు బస్టాండు దగ్గర వాడి సెలూన్‌కి వెళ్ళాను. గుర్తుపట్టి, మెడకి గుడ్డ చుట్టి, కత్తి నూరుతూ అన్నాడు:

"గడ్డం తీసెయ్యమంటావా అబ్బయా? తర్వాత మంత్రాలు పోయినాయని నన్ననొద్దు!"

మరిచిపోలేదన్నమాట. నేను అద్దంలో వాడి వంక చూస్తూ, "నువ్వు చెప్పిందే నిజంరా. అంజి లేకపోతే రాముడు లేడు" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "మీరంతా అంజిగాడా అంజిగాడా అని పిలస్తా ఉన్నన్నాళ్ళూ ఆ సినిమా మళ్ళీ చూళ్ళేదబ్బయా. ఎంత ఇష్టమో అంత కోపం వచ్చేది. మా పిల్ల పెళ్ళయినాక ఎప్పుడో టీవీలో వస్తా ఉంటే చూసినా. ఇప్పుడు నాకు అంజి కాదు, మాంత్రికుడే ఇష్టం."

"అదేందిరా!"

"ఎవరో చెప్పిన మాట విని ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. గడ్డం తీసినాక మొహం ఎట్టా ఉంటుందో నాకు తెలుసు కదా. రోజూ ఈ అద్దంలో ఎంతమందిని చూస్తా ఉండానో!"

డబ్బులిస్తే తీసుకోలేదు. టీ కూడా వాడే తెప్పించాడు.

ఒక పిల్లవాడికి ప్రాణమైన సినిమాని పాతికేళ్ళకు పైగా దూరం చెయ్యడానికి నాకు పట్టింది ఒక్క మాట. కాబట్టి కలిగిరి మిత్రమా, నా తీర్పు విను. మీ నలుగురి ఓట్లూ చెల్లుతాయి. కానీ శిక్ష మాత్రం మీ ముగ్గురు పెద్దవాళ్ళకే. ఈసారి సినిమా పెట్టినప్పుడు తమ్ముణ్ణి మధ్యలో కూచోబెట్టుకుని, "కుమారవర్మ ఎందుకురా?" అని అడగండి. వాడు చెప్పేదాకా ఆగండి. మధ్యలో నవ్వకండి.

వాడు చెప్పిన కారణం నాకో కార్డు ముక్క మీద రాస్తారు కదూ? మిగతా పాఠకులూ రాయండి. మీ జానపద కథల్లో మీకు నచ్చిన పాత్ర ఎవరు, ఆ పేరు చెప్పినప్పుడు మీ ఇంట్లో ఎవరు నవ్వారు?

వచ్చేవారం కలుద్దాం.