సూర్యుడొక్కడే, ఉదయాలు వేరు



విదేశాలలో స్థిరపడిన భక్తులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "పంతులుగారూ, ఏకాదశిని మన ఊరి పంచాంగం ప్రకారం ఆచరించాలా, ఇక్కడి సూర్యోదయాన్ని బట్టి ఆచరించాలా?" నివాసస్థలంలోని సూర్యోదయమే ప్రమాణమని నా నిశ్చితాభిప్రాయం. ఇది సుబోధం కావడానికి లోకసంచారానికి అతిదూరంలో ఉన్న రెండు ద్వీపాలను పరిశీలిద్దాం.

ఒకటి దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని ట్రిస్టన్ డ కూన్యా. అక్కడ రెండువందల పైచిలుకు జనం. రెండవది దక్షిణ పసిఫిక్‌లోని పిట్‌కెర్న్. అక్కడ సుమారు 50 మంది. రెండింటికీ విమానాశ్రయం లేదు, నౌకాయానమే గతి. వాటి రేఖాంశాల మధ్య అంతరం సుమారు 118 అంశలు. గంటకు 15 అంశల చొప్పున గణిస్తే అది దాదాపు 8 గంటలు. ఆ ద్వీపాల గడియారాల మధ్య భేదమూ సరిగ్గా 8 గంటలే. అంటే అక్కడ గడియారం సూర్యుణ్ణి అనుసరిస్తున్నది.

నిత్యజీవనమూ అంతే. ట్రిస్టన్ వాసులకు బంగాళాదుంపల సేద్యం, లాబ్‌స్టర్ల వేట జీవనాధారాలు. సముద్రం ప్రశాంతంగా ఉన్న ఉదయాన జేగంట మ్రోగుతుంది, అప్పుడే పడవలు కదులుతాయి. పిట్‌కెర్న్‌లోనూ నౌక వచ్చినప్పుడు జనులను పిలవడానికి ఘంటానాదమే ఆచారం. అక్కడివారు పరంపరగా అనుసరించిన క్రైస్తవశాఖలో విశ్రాంతిదినం శుక్రవారం సూర్యాస్తమయంతో ఆరంభమై శనివారం సూర్యాస్తమయంతో ముగుస్తుంది. పుణ్యకాలాన్ని అర్ధరాత్రితో కాక సంధ్యతో కొలిచే బుద్ధి మనకొక్కరికే పరిమితం కాదు.

ఇప్పుడు తిథి విచారం. చంద్రుడు సూర్యునికంటే 12 అంశలు ముందుకు సాగే కాలమే తిథి. దాని ఆద్యంతాలు భూమండలమంతటా ఒకే క్షణంలో సంభవిస్తాయి, సూర్యోదయం మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. ఏకాదశి ట్రిస్టన్‌లో శనివారం ఉదయం 10 గంటలకు ముగిసిందనుకుందాం. ఆనాటి సూర్యోదయానికి అక్కడ ఏకాదశి ఉన్నది. అదే క్షణంలో పిట్‌కెర్న్‌లో శనివారం తెల్లవారుజామున 2 గంటలు. సూర్యుడు ఉదయించే వేళకు అక్కడ ద్వాదశి వచ్చేసింది. కనుక వారి ఏకాదశి శుక్రవారమే. ఇద్దరి ఆచరణా శాస్త్రసమ్మతమే.

"స్వగ్రామంలో అమ్మ ఉపవసించే రోజే నేనూ ఉపవసించాలని ఉంది" అన్నాడు ఒక యువకుడు. ఆ ఆర్తి పవిత్రమే, దానిని తక్కువచేయను. కానీ సంకల్పంలో దేశకాలసంకీర్తన చేసేది ఎందుకు? తాను నిలిచిన భూమినీ, తనపై ప్రసరిస్తున్న వెలుగునూ స్మరించడానికి. మరొక దేశపు ఉదయాన్ని అరువు తెచ్చుకుంటే ఆ స్మరణ అసత్యమవుతుంది. తల్లితో ఐక్యం దినసామ్యం వల్ల కాదు, శ్రద్ధాసామ్యం వల్ల సిద్ధిస్తుంది.

కనుక మీ ఊరి సూర్యోదయానికి గణించిన పంచాంగాన్నే అనుసరించండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.