చప్పుడు చేస్తేనే స్పోర్ట్స్ కారా?

"కరెంటు కారు కారే కాదు, పెద్ద సైజు ఆటబొమ్మ!" మా తరగతిలో సగం మంది మాట ఇది. ఎందుకురా అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "చప్పుడు లేదు కదా!" స్పోర్ట్స్ కారు అంటే వీధి చివర ఉన్నప్పుడే గుండె అదరాలట. పెట్రోలు వాసన రావాలట, గేరు మార్చినప్పుడల్లా గర్జించాలట. ఈ వాదన తప్పని చెప్పడానికే నేనీ వ్యాసం రాస్తున్నాను.

మొదట చరిత్ర చూద్దాం. కరెంటు కారు నిన్న మొన్న వచ్చిందని మనం అనుకుంటాం. కానీ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటిన మొట్టమొదటి కారు కరెంటు కారే. 1899 ఏప్రిల్‌లో పారిస్ దగ్గర కామిల్ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు తన బ్యాటరీ కారును గంటకు 105 కిలోమీటర్లు దాటించి నడిపాడు. పోర్షే పేరు వింటే పెట్రోలు ఇంజనే గుర్తొస్తుంది కదా? ఆ పేరుకు మూలమైన ఫెర్డినాండ్ పోర్షే 1900లో పారిస్ ప్రదర్శనలో పెట్టిన కారు చక్రాల్లోనే కరెంటు మోటార్లు ఉండేవి. ఇంకో మాట. పెట్రోలు ఇంజను తనంతట తాను లేవలేదు. పాత రోజుల్లో ముందు నిలబడి హ్యాండిల్ తిప్పేవాళ్లు. 1912లో క్యాడిలాక్ కార్లకు కరెంటు స్టార్టర్ పెట్టాక ఆ బాధ తప్పింది. అంటే ఎంత గర్జించే ఇంజనైనా ముందు ఒక చిన్న కరెంటు మోటారు తట్టి లేపితేనే లేస్తుంది!

ఇప్పుడు పికప్ సంగతి. ఇంజను ఆగి ఉన్నప్పుడు దానికి బలమే లేదు. కొంత వేగంగా తిరిగితేనే లాగుతుంది. అందుకే దానికి క్లచ్ కావాలి, అన్నన్ని గేర్లు కావాలి. కరెంటు మోటారు అలా కాదు, సున్నా దగ్గరే పూర్తి బలంతో లాగుతుంది. గేరు మార్చడం మజాగానే ఉంటుంది, కాదనను. కానీ అసలు అది ఇంజనుకున్న లోపాన్ని సర్దడానికి పెట్టిన ఏర్పాటు.

2018లో అమెరికాలోని పైక్స్ పీక్ కొండ పోటీలో ఏం జరిగిందో చూడండి. దాదాపు 20 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, 156 మలుపులు, పైన 4,300 మీటర్ల ఎత్తు. ఫోక్స్‌వాగన్ ఐడి.ఆర్ అనే కరెంటు కారు ఆ కొండను 8 నిమిషాల లోపే ఎక్కేసింది. నడిపినవాడు రొమేన్ డ్యూమా. అంతకుముందు రికార్డు 2013లో సెబాస్టియన్ లోబ్ పెట్రోలు కారులో పెట్టిన 8 నిమిషాల 13 సెకన్లు. పైకి పోయే కొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజనుకు ఊపిరి ఆడదు. మోటారుకు గాలితో పనే లేదు.

"కొండ మీద గెలిస్తే చాలా? చదునైన దారిలో చూపించు" అని మా వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒకే కంపెనీ రెండు కార్లు తీసుకుందాం. 2020లో వచ్చిన పెట్రోలు పోర్షే 911 టర్బో ఎస్ సున్నా నుంచి 100 చేరడానికి 2.7 సెకన్లు పడుతుందని కంపెనీ చెప్పింది. 2019లో వచ్చిన కరెంటు టైకాన్ టర్బో ఎస్‌కు 2.8 సెకన్లు. ఇక్కడ ఇద్దరూ సమానమే. కానీ 200 వేగం చేరేసరికి పెట్రోలు కారు దాదాపు ఒక సెకను ముందుంటుంది. పై వేగంలోనూ అది 330, ఇది 260. కారణం బరువు. టైకాన్ దాదాపు 2,300 కిలోలు, 911 సుమారు 1,650 కిలోలు. ఒక కిలో పెట్రోలులో దాదాపు 12 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. ఒక కిలో కారు బ్యాటరీలో పావు యూనిట్ కూడా ఉండదు. ఇది కరెంటు కారుకున్న నిజమైన లోపం. దీన్ని దాచిపెట్టి వాదిస్తే మోసం చేసినట్టే.

అయితే నేనొకటి అడుగుతాను. మన దేశంలో ఎక్స్‌ప్రెస్ వే మీద కూడా కార్లకు పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. 260 సరిపోదని ఏడ్చేవాడు ఏ రోడ్డు మీద పోతాడు? పైగా పెట్రోలులో ఉన్న శక్తంతా చక్రాలకు చేరదు. ఇంజను దాదాపు మూడో వంతు వాడుకుని, మిగతాది వేడిగా, పొగగా వదిలేస్తుంది. మోటారు తీసుకున్నదాంట్లో నూటికి 90 వంతులదాకా పనిలోకి తెస్తుంది. మీరు మురిసిపోయే ఆ గర్జన కూడా ఒకవిధంగా వృథా అయిన శక్తే. నిండుకుండ తొణకదని మన పెద్దలు ఊరికే అన్నారా?

"కరెంటు మాత్రం బొగ్గుతోనే కదా వస్తుంది?" ఇదీ ఎప్పుడూ వినేదే. నిజమే, మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం బొగ్గు నుంచే. అందుకే లెక్క వేసి చూద్దాం. లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే స్పోర్ట్స్ కారు 100 కిలోమీటర్లకు 23 కిలోలు వదులుతుంది. కరెంటు స్పోర్ట్స్ కారు యూనిట్‌కు 4 కిలోమీటర్లు పోతుందనుకుంటే 100 కిలోమీటర్లకు 25 యూనిట్లు. మన కరెంటుకు యూనిట్‌కు సగటున 0.7 కిలో వేసుకున్నా 17.5 కిలోలు. బ్యాటరీ తయారీకి అయ్యే కాలుష్యం వేరే ఉంది, కోబాల్ట్ గనుల్లో పిల్లలు పడే కష్టమూ ఉంది. కాబట్టి కరెంటు కారు పవిత్రమైనదని నేననను. కానీ రేపు సోలార్, గాలిమరలు పెరిగితే అదే కారు ఇంకా శుభ్రంగా నడుస్తుంది. పెట్రోలు కారు ఎన్నేళ్లయినా పెట్రోలే తాగుతుంది. ఆ ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా మనం బయటి దేశాల నుంచే కొంటున్నాం.

కోట్ల రూపాయల కార్ల గురించి మనకెందుకు, మనం కొనేది ఉందా అని అమ్మానాన్నలు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి.

ఒకటి, పోటీ కార్లలో పుట్టింది తర్వాత మన ఇంటి బండికి వస్తుంది. డిస్క్ బ్రేకులు 1953లో లె మాన్ పోటీలో జాగ్వార్ కార్లకు పేరు తెచ్చాయి, ఇప్పుడు మన బైకులకూ ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కరెంటు కార్లు పందెం వేశాయి. చప్పుడు లేదని జనం రాకుండా పోలేదు. మనం చప్పుడునే గొప్ప అనుకుంటే ఆ జబ్బు కూడా వీధిలోకి వస్తుంది. వచ్చేసింది కూడా. సైలెన్సర్ మార్చేసి రాత్రి పదకొండుకు వీధంతా లేపేవాళ్లు ఏ ఊళ్లో లేరు? అది చట్ట ప్రకారం తప్పు. నిద్రపోయే పసిబిడ్డకు, జబ్బుపడ్డ అవ్వకు ఆ "సంగీతం" ఎందుకు?

రెండోది అన్నం గురించి. మా హోసూరులో ఎన్నో ఇళ్లు ఇంజను భాగాల మీదే బతుకుతున్నాయి. లేతు షెడ్లలో, ఫ్యాక్టరీల్లో మన నాన్నలు, మామలు, అన్నలు పని చేస్తున్నారు. కరెంటు బండికి పిస్టన్ వద్దు, వాల్వ్ వద్దు, సైలెన్సర్ వద్దు. మరి ఆ పని ఏమవుతుంది? చప్పుడు గురించి అరిచేవాళ్లు అడగాల్సిన అసలు ప్రశ్న ఇది, కానీ ఒక్కరూ అడగరు. పెట్రోలును పొగిడితే ఆ పని నిలబడదు. హోసూరులోనే ఏథర్ స్కూటర్లు తయారవుతున్నాయి. టీవీఎస్ ఇక్కడే పెట్రోలు బండ్లూ, కరెంటు బండ్లూ రెండూ చేస్తోంది. మార్పు మన వాకిట్లోకి వచ్చేసింది. కాబట్టి ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో మోటారు, బ్యాటరీ, కంట్రోలర్ పని బాగా నేర్పాలని మనం అడగాలి. ఇప్పుడు లేతు మీద ఉన్నవాళ్లకు కొత్త పని నేర్పే బాధ్యత కంపెనీలదీ, ప్రభుత్వానిదీ అని గట్టిగా అడగాలి. పదో తరగతి అయ్యాక ఏ కోర్సులో చేరాలో మనం తేల్చుకోవలసిన సమయం దగ్గరికొచ్చింది. ఏ బండిని చూసి మురిసిపోతామో, ఆ పనే నేర్చుకోవాలని మనసు లాగుతుంది.

పాత పెట్రోలు కార్లను తుక్కు చేయమని నేననడం లేదు. ఉన్నవాటిని ప్రేమగా చూసుకునేవాళ్లు చూసుకోనివ్వండి. ఆవిరి రైలింజనును చూడ్డానికి మనమూ పోతాం కదా! కానీ కొత్తగా ఒకటి ఎంచుకోమంటే నా ఓటు కరెంటు స్పోర్ట్స్ కారుకే. మిత్రులారా, కాదనేవాళ్లు కాదనండి. బరువు గురించి చెప్పండి, ఛార్జింగుకు పట్టే సమయం గురించి చెప్పండి, ధర గురించి చెప్పండి, వింటాను. చప్పుడు లేదని మాత్రం చెప్పకండి. అది వాదన కాదు, అలవాటు.