జాగాకు ముందు కాగితం, కాగితానికి ముందు న్యాయం

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో పొదుపు అంటే జాగాయే. దుబాయిలో, సౌదీలో ఎండకు మాడి పంపిన రూపాయి వడ్డీకి తిరగరాదన్నది మన విశ్వాసం. అందుకే అది బ్యాంకు డిపాజిట్‌గా కాక, ఊరి శివారున నూరు గజాల ప్లాటుగా మారుతుంది. బిడ్డ పెళ్లి, కొడుకు చదువు, ముసలితనపు ఆసరా అన్నీ ఆ నూరు గజాలలోనే ఉంటాయి.

అటువంటి జాగా చేజారినప్పుడు మన మొహల్లాలలో వినిపించే మాట ‘తఖ్దీర్’ ఒక్కటే. ఈ మాటను మేము అంగీకరించము. తెల్లకాగితం మీద సంతకం తీసుకొని లక్షలు అప్పగించడం విధిరాత ఎలా అవుతుంది? ‘మనవాడే, నమాజీ మనిషి, కాగితమెందుకు?’ అనేవారికి ఒక సంగతి గుర్తుచేస్తున్నాము. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవడం, సాక్షులను నిలుపుకోవడం గురించినదే ఆ ఆయతు. కాగితం అడగడం అవమానమని భావించే అమ్మకందారు మతాన్ని అడ్డం పెట్టుకుంటున్నాడే తప్ప పాటించడం లేదు.

చట్టమూ ఇదే చెబుతోంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందే. సాదాబైనామా దానంతట అది హక్కు ఇవ్వదు. జీపీఏ అమ్మకంతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. నోటిమాటతో, స్వాధీనంతో హిబా చెల్లుతుంది గనుక కొనుగోలు కూడా చెల్లుతుందనే భ్రమ మన ఇళ్లలో ఉన్నది. ఆ వెసులుబాటు దానానికే గాని అమ్మకానికి లేదు.

వెంచర్ల సంగతి చూడండి. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు మించిన లేఅవుట్‌ను రెరాలో నమోదు చేయకుండా ప్రకటనలివ్వడం, బుకింగులు తీసుకోవడం 2016 చట్టం ప్రకారం నిషిద్ధం. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పదిశాతానికి మించి బయానా పుచ్చుకోరాదు. కనుక ‘ప్రీలాంచ్ ధర, ఈ జుమ్మా వరకే’ అనే మాట చెవిన పడగానే లేచి రావాలి. సర్వే నంబరు అడగాలి. ముప్పై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించాలి. రిజిస్ట్రేషన్ శాఖ 22-ఏ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉన్నదేమో వెతకాలి. సర్వేయరుతో హద్దులు కొలిపించాలి.

ఇక చేదు నిజం. చౌకగా దొరికే జాగా చాలాసార్లు అమ్మరాని జాగా. భూమిలేని పేదకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూమి బదిలీని 1977 చట్టం నిషేధించింది. వక్ఫ్ ఆస్తి అమ్మకం చెల్లదని వక్ఫ్ చట్టంలో 2013లో చేర్చిన 104-ఏ సెక్షన్ చెబుతున్నది. ఉట్నూర్, ఇంద్రవెల్లి వంటి ఏజెన్సీ ప్రాంతాలలో 1/70 నిబంధన ప్రకారం గిరిజనేతరుడు భూమి కొనరాదు, మరో గిరిజనేతరుని దగ్గరైనా సరే. అయినా గిరిజనుడి పేరున బినామీగా కొనేవారిలో మనవారూ ఉన్నారు. తీరా కేసు పడితే భూమీ పోతుంది, పైకమూ పోతుంది.

ఆ నష్టానికి మేము సానుభూతి చూపలేము. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద తుపాకులు పేలింది భూమి గోడు వినిపించడానికి వచ్చినందుకే. 2025 వక్ఫ్ సవరణ చట్టాన్ని వ్యతిరేకిస్తూ ‘మా ఆస్తి మాకు దక్కాలి’ అని గళమెత్తిన మనం, ఆదివాసీ ఆస్తికి గజాల లెక్కన ధర కడితే ఆ గళానికి విలువేముంటుంది? ఒకరి హక్కును మింగి నిలబడిన ఇంటిలో బరకత్ ఉండదు.

ప్రభుత్వాన్ని మేము అడుగుతున్నాము: నిషేధిత సర్వే నంబర్లను ప్రతి గ్రామ పంచాయతీలో, ప్రతి వార్డులో తెలుగులోనూ ఉర్దూలోనూ గోడ మీద రాయించండి. మస్జిద్ కమిటీలనూ అడుగుతున్నాము: జుమ్మానాడు గేటు దగ్గర వెంచర్ కరపత్రాలు పంచనివ్వకండి, ఒక వకీలును కూర్చోబెట్టి కాగితాలు చూపించుకునే వీలు కల్పించండి. పెద్దమనుషులూ, మీరు నడిపించిన బేరం మునిగితే తప్పుకోకండి. బాధితునితో పోలీస్ స్టేషన్‌కు, కోర్టుకు నడవండి.

ఎడారిలో కార్చిన చెమటకు రశీదు లేదు. దానితో కొనే జాగాకైనా సరైన కాగితం ఉండాలి.